సున్నా ఎవరిది?

"మేడం, నేను తేలిపోతున్న!" అని అరిచింది జరీనా.

అరవకూడని చోట అరిచింది. కౌన్సెలర్ల శిక్షణలో ముగ్గురేసి జట్టుగా కూర్చుంటారు. ఒకరు కౌన్సెలర్, ఒకరు బాధ చెప్పుకునే మనిషి. మూడోవారు పక్కన కూర్చుని చూస్తారు. ఆ చూసేవారు నోరు మెదపకూడదు, దగ్గొచ్చినా మింగాలి. హనుమకొండలో ఆ కేంద్రం మొదలైన నాటి నుంచీ సంపూర్ణ నేర్పుతున్న మొదటి పాఠం అదే. అలాంటిది చూసే కుర్చీలో ఉన్న జరీనా భుజాలు రెండూ చెవుల దాకా లేపుకుని, ముఖమంతా నవ్వు చేసుకుని కేక పెట్టింది.

సంపూర్ణకు కోపం రావాలి. రాలేదు సరికదా, తనే లేచి పరుగున వెళ్ళి "నిజమా? ఎక్కడ తెలుస్తున్నది? ఛాతీలనా, భుజాలలనా?" అని అడిగేసింది. గురువే గీత దాటాక శిష్యులేం ఆగుతారు! సమస్య చెప్పుకుంటున్న మనిషిని గాలికొదిలేసి తరగతి తరగతంతా జరీనా ఒంటి మీది కోటు చుట్టూ మూగింది.

ఆ కోటుకు తోడు కోటు అని పేరు పెట్టింది సంపూర్ణ. తయారుచేసింది ఆమె భర్త సారంగపాణి. చూడటానికి దూది కుట్టిన చలికోటులా ఉంటుంది. లోపల చిన్న చిన్న గాలి తిత్తులు, వెచ్చబడుతూ చల్లబడుతూ ఉండే సన్నటి తీగలు. బాధ చెప్పుకునే మనిషి మణికట్టుకొక పట్టీ, ఛాతీకొక పట్టీ కట్టుకుంటే, ఆ ఒంట్లో జరిగేదంతా కోటు వేసుకున్న ఒంటికి తెలుస్తుంది. అక్కడ గుండె బరువెక్కితే ఇక్కడ తిత్తులు ఛాతీని అదుముతాయి. అక్కడ కడుపులో చల్లబడితే ఇక్కడా చల్లబడుతుంది. అక్కడ మనసు తేలికైతే చంకల కింది తిత్తులు ఉబ్బి భుజాలను పైకెత్తుతాయి. బరువూ తేలికా లేని సున్నా దగ్గర కోటు ఊరికే ఉంటుంది.

"ఎద్దుపుండు కాకికి నొప్పా అంటరు గద," అన్నాడు పాణి, కోటును మొదటిసారి తరగతికి తెచ్చిన రోజు. "కాకికి నొప్పి తెలిసేటట్టు చేసిన."

"అంటే మేం కాకులమా సార్?" అన్నాడు సుదర్శన్. ఒక బడిలో పిల్లల కౌన్సెలర్ అతను.

"మరి పొడుస్తరు గద పొద్దుమాపు. అది ఎందుకు? ఇది ఎప్పటినుంచి? అప్పుడు నీకేమనిపించింది?" అని పాణి గొంతు మార్చి అభినయిస్తే అందరూ పగలబడి నవ్వారు. సంపూర్ణ అందరికంటే ఎక్కువ నవ్వింది, ఎందుకంటే ఆ గొంతు అచ్చంగా తనదే.

కౌన్సెలర్లు ఏటా మళ్ళీ విద్యార్థులై కూర్చోవాలని రాష్ట్ర మండలి రూలు. కూర్చుంటేనే లైసెన్సు నడుస్తుంది. అంతకుముందు ఆ శిక్షణంటే ఆవలింతలు, మధ్యాహ్నం భోజనం ఏమిటన్న ఆరా, సంతకం పెట్టి జారుకునే దారులు. కోటు వచ్చాక పొద్దున్నే తలుపు తీయకముందే జనం నిలబడుతున్నారు. కరీంనగర్ నుంచి, ఖమ్మం నుంచి ఫోన్లు. ఎందుకంటే కోటు చెప్పిన సంగతి ఎవరూ ఊహించనిది. ఎవరు పట్టీ కట్టుకున్నా, ఎంత ఏడ్చినా, కోటు పైకే ఎత్తుతోంది! మనుషుల లోపల, ఏడుపు కింద, ఇంత తేలికదనం ఉందా! ఇన్నాళ్ళూ వాళ్ళను చూసి అయ్యో అనుకున్నామే, వాళ్ళ గుండెల్లో ఇంత బలం ఉంటే! ఆ మాట తలుచుకుంటే సంపూర్ణకు ఒళ్ళు గగుర్పొడిచేది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని మీద మళ్ళీ కొత్తగా మనసు పడింది.

జరీనా అయితే ఒక అడుగు ముందుకే వేసింది. ఆమె దగ్గరికి నిద్ర పట్టక వస్తున్న కనకలక్ష్మి అనే ఆవిడ ఉంది, చౌరస్తాలో టిఫిన్ బండి నడుపుతుంది. ఆవిడ ఒప్పుకుంటే పట్టీలు కట్టి, తను కోటు వేసుకుని మాట్లాడింది. కోటు కొంచెమే అయినా పైకే లేపింది. "నువ్వు తేలిగ్గనే ఉన్నవ్ అక్కా, నీకే తెలుస్తలేదు. ఇగ రావాల్సిన పని లేదు," అని చెప్పి పంపించింది. "సరే మేడం, మీరంటున్నరు గద," అని కనకలక్ష్మి దండం పెట్టి వెళ్ళిపోయింది. తరగతిలో ఈ సంగతి చెప్తే చప్పట్లు కొట్టారు. సంపూర్ణ కూడా కొట్టింది.

ఇంట్లో సంగతి వేరు. పాణి, సంపూర్ణ కాలేజీలో ఒకే తరగతి. పేర్లు పెట్టి పిలుచుకునే చనువు అప్పటిది. పెళ్ళయిన కొత్తలో ఆమె చదువుకున్నదంతా అతని మీద ప్రయోగించబోతే "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు, వదిలెయ్" అని నవ్వేశాడు. అప్పటి నుంచి ఆమె రోజూ ఎట్లున్నవ్ అని అడగడం, అతను మంచిగనే ఉన్న అనడం. అన్నం తినేటప్పుడు పప్పు వడ్డించినంత మామూలుగా ఆ మాట నడిచిపోయేది. కోటు తయారైన వారంలో సరదాకి ఒకసారి అతనికి పట్టీలు కట్టి తను కోటు వేసుకుంది. కోటు కదలలేదు. ఇటు అదమలేదు, అటు ఎత్తలేదు.

"మా ఆయన ఋషి," అని తరగతిలో అందరికీ చెప్పుకుంది. "కోటు వేసుకుంటే స్విచ్ వెయ్యనట్టే ఉన్నది!"

మండలి వాళ్ళు వచ్చి కోటును చూసి, రాష్ట్రమంతా శిక్షణలో వాడాలో వద్దో తేల్చే రోజు దగ్గర పడింది. కేంద్రంలో ఒకటే హడావుడి. గోడలకు సున్నం వేయించారు, కుర్చీలు తుడిపించారు. మండలి రాబోయే ముందు రోజు ఆఖరి సాధన పెట్టుకున్నారు. జరీనా కౌన్సెలర్, సుదర్శన్ బాధ చెప్పుకునేవాడు. చూసే కుర్చీలో కోటు వేసుకుని సంపూర్ణ కూర్చుంది.

ఈ సాధనలకు ఇంకొక రూలుంది. సొంత సమస్యే తెచ్చుకోవాలి, కానీ చిన్నది తెచ్చుకోవాలి. పెద్ద గాయాలు తరగతిలో విప్పకూడదు. సుదర్శన్ బుద్ధిగా చిన్నదే తెచ్చుకున్నాడు.

"ఏం లేదు మేడం, చిన్న ముచ్చట. గుమ్మం కాడ మా నాయిన చెప్పులున్నయ్. తియ్యాల్నా, ఉంచాల్నా అని మా ఇంట్ల లొల్లి."

"నాయిన చెప్పులు," అంది జరీనా మెల్లగా.

"పోయిన నెల పోయిండు గద. చెప్పులు ఆన్నే ఉన్నయ్. పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు నా భార్య జరుపుతది, నేను మళ్ళ ఉన్నకాడనే పెడ్త." ముఖం తిప్పుకున్నాడు. ముక్కు తుడుచుకున్నాడు. చిన్న సమస్య అని తెచ్చుకున్నది నలుగురి ముందు ఎంత పెద్దదో అతనికే అప్పుడు తెలిసింది.

సంపూర్ణ బరువు కోసం కాచుకుంది. కోటు కదలలేదు.

పట్టీ ఊడిందేమో అని చూసింది. ఊడలేదు. సుదర్శన్ భుజాలు కుదుపుకుంటూ ఏడుస్తున్నాడు, కోటు మాత్రం ఊరికే ఉంది. ఇక ఆగలేక, తను పెట్టిన రూలు తనే మళ్ళీ తప్పింది. "సుదర్శన్, ఇప్పుడు ఎట్లున్నది లోపల?"

"గుండె మీద రోలు పెట్టినట్టున్నది మేడం."

"కోటు ఖరాబైందా మేడం?" అంది జరీనా కంగారుగా. రేపే మండలి!

సంపూర్ణ కోటు విప్పి జరీనాకు తొడిగి, పట్టీలు తను కట్టుకుంది. జరీనా భుజాలు టక్కున లేచాయి. కోటు బాగానే ఉంది. బాగున్న కోటే, తండ్రిని పోగొట్టుకున్న మనిషి దుఃఖాన్ని చూసి ఇక్కడేమీ లేదని చెబుతోంది. అంత దుఃఖమే దానికి సున్నా. మరి మామూలు దుఃఖాలన్నీ దానికి తేలిగ్గా కనబడటంలో వింతేముంది!

అప్పుడు గుర్తొచ్చింది. ఈ కోటు ఇలాగే ఊరికే ఉన్న మనిషి ఇంకొకరున్నారు.

కేంద్రం వెనకాల రేకుల షెడ్డులో పాణి రేపటి కోసం తీగలు సర్దుతున్నాడు.

"పాణీ, కోటుకు సున్నా ఎట్ల పెట్టినవ్?"

"ఎట్లేంది? మనిషికి పట్టీలు కట్టాలె, ఏ రంది, ఏ దిగులు లేనప్పుడు కొలవాలె. గదే సున్నా."

"ఎవరికి కట్టినవ్?"

"ఈడ ఎవరున్నరు? నాకే కట్టుకున్న. ఆదివారం పొద్దున్నే. చాయ్ తాగిన, పేపర్ చదివిన, నువ్వు పూరీలు చేస్తుంటివి. ఏ రంది లేదు."

"ఏ రంది లేదా?"

"ఏముంటది? మంచిగనే ఉన్న."

ఆమె సుదర్శన్ సంగతి చెప్పింది. పాణి స్క్రూడ్రైవర్ పక్కన పడేసి లేచాడు. కళ్ళు మెరిశాయి. తప్పు దొరికితే యంత్రాలవాళ్ళకు వచ్చే హుషారు అది. "అంటే సున్నానే తప్పు! అందుకేనా అందరిని పైకి లేపుడు! అరె, ఒక్క మనిషి మీద పెట్టొద్దని నాకు తెల్వదా! మందిని కూసోబెట్టి కొలవాలె. రేపు పొద్దున్నే పెడదాం సంపూర్ణా, మండలోళ్ళు వచ్చేలోపల అయితది!" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు.

సున్నా తప్పని అతనికి అర్థమైంది. ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం అతనికి తట్టలేదు. తన ఆదివారం పొద్దుకీ, సుదర్శన్ తండ్రి చెప్పుల ముందు నిలబడే పొద్దుకీ కోటు తేడా చూడలేదని ఆ మనిషికి తోచనే లేదు. దీపం కింద చీకటంటారే, ఇరవై ఏళ్ళు దీపం పట్టుకుని ఊరంతా తిరిగింది సంపూర్ణ. చెబుదామనుకుంది. ఈలోగా ఇంకొక మాట గుర్తొచ్చింది. కనకలక్ష్మి!

జరీనా ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసినా ఎత్తలేదు. ఇద్దరూ ఆటో ఎక్కి చౌరస్తాకు వెళ్ళారు. బండి మీద పట్టా కప్పి ఉంది. పక్కన బజ్జీలు వేసేవాడు "పది దినాలాయె, తీస్తలేదు" అన్నాడు. ఇల్లు అడుక్కుని వెళ్ళి జరీనా తలుపు కొట్టింది. ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. కనకలక్ష్మి జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళయిందో! వాళ్ళను చూసి, అంత నీరసంలోనూ చాప పరవబోయింది.

"ఫోన్ ఎందుకు చెయ్యలేదక్కా?" అని ఏడుపు గొంతుతో అడిగింది జరీనా.

"ఏమని చెయ్యాలె మేడం? మీరు చూసి తేలిగ్గ ఉన్నవ్ అంటిరి. మరి ఈ బరువేంది అంటే, నాదే సోమరితనం అనుకున్న. లేవబుద్ధి కాకుంటే నన్ను నేనే తిట్టుకున్న."

జరీనా చాప మీద కూలబడి ఆవిడ చేతులు పట్టుకుంది. "తప్పు నాదక్కా. నీకు బరువున్నది. నిజంగనే ఉన్నది." ఆ మాట విన్నాక కనకలక్ష్మి ముఖంలో మొదటిసారి కాస్త జీవం కనబడింది. ఆ సాయంత్రం వాళ్ళక్కడే కూర్చున్నారు. ఆవిడ చెల్లెలు వచ్చి తోడుంటానన్నాక, మర్నాడు జరీనా వచ్చి తీసుకెళ్తానని మాటిచ్చాక లేచారు. ఆటోలో జరీనా అడిగింది, "మేడం, ఆమెకు తన బరువే సోమరితనం అనిపించింది. ఇట్ల ఎంతమంది అనుకుంటుంటరో!" సంపూర్ణ కళ్ళలో ఒక్క మనిషే మెదులుతున్నాడు.

మర్నాడు పొద్దున్నే తరగతిలో తిరనాళ్ళ సందడి. కౌన్సెలర్లందరికీ పట్టీలు కట్టి, చాయ్ గ్లాసులు చేతికిచ్చి, "ఏ రంది లేకుంట కూసోండ్రి" అని పాణి కట్టె పట్టుకున్న పంతులులా తిరుగుతున్నాడు. రంది లేకుండా కూర్చోవడమంత కష్టం లోకంలో ఇంకొకటి లేదు. ఒకావిడకు గ్యాస్ కట్టేశానో లేదో అని అనుమానం. ఇంకొకాయనకు మండలి వాళ్ళ ముందు మాట తడబడుతుందేమోనని బెంగ. ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటూ, నవ్వితే లెక్క చెడుతుందని పాణి అరుస్తుంటే ఇంకా నవ్వుకుంటూ, మొత్తానికి కూర్చున్నారు. సుదర్శన్ తను కట్టుకోనని తనంతట తనే పక్కకు జరిగాడు. పాణి ఆ ఒళ్ళన్నిటినీ కలిపి కొత్త సున్నా పెట్టాడు.

"అయిపోయింది! ఇగ చూద్దాం. ఎవరన్న పట్టీలు కట్టుకోండ్రి."

"నువ్వు కట్టుకో పాణీ," అంది సంపూర్ణ, కోటు తొడుక్కుంటూ.

అతను హుషారుగా కట్టుకున్నాడు. మీట నొక్కాడు.

కోటు ఆమె ఛాతీని అదిమింది. ఇంకా అదిమింది. అది ఏడుపులా లేదు, ఏడిస్తే తీరేదిలా లేదు. తడిసిన ఇసుక మూటను ఎవరో మెల్లగా దించి, తీయడం మరిచిపోయి వెళ్ళిపోయినట్టుంది. కడుపులో చల్లదనం. చేయి ఎత్తాలంటే ఎందుకులే అనిపించింది. కుర్చీలోంచి లేవడమే ఒక పనిగా తోచింది. ఈ బరువుతోనే అతను పొద్దున లేచాడు, చాయ్ పెట్టాడు, రాత్రి మిగిలిన రొట్టెలు వేడి చేశాడు, ఇంతమందిని నవ్వించాడు. సంపూర్ణ కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"మంచిగ పనిచేస్తున్నదా?" అన్నాడు పాణి ఆత్రంగా. అతని ముఖం నవ్వుతోంది, కోటు ఆమెను అదుముతూనే ఉంది. "అరె, ఏడుస్తున్నవేంది?"

"నీకిప్పుడు ఎట్లున్నది పాణీ?"

"మంచిగనే ఉన్న. కోటు పనిచేస్తున్నది, ఇంకేం గావాలె?"

అబద్ధం చెప్పడం లేదు. ఏనాడూ చెప్పలేదు. అతనికి తెలిసిన మంచి అదే. అది ఎప్పటినుంచి, అప్పుడేమనిపించింది అన్న మాటలన్నీ ఆమె నాలుక మీదికొచ్చాయి. ఒక్కటీ పైకి రానివ్వలేదు. కోటు విప్పి అతని ముందు పట్టుకుంది.

"నువ్వు వేసుకో."

"చేసినోడు వేసుకోవద్దు సంపూర్ణా. మాకు అది రూలు. వేసుకుంటే మనకు కావాల్సిందే తెలుస్తది."

"ఇయ్యాల వేసుకో. నీ పాత సున్నానే మళ్ళ పెట్టి వేసుకో."

ఆమె గొంతులో ఏముందో, అతను కోటును మళ్ళీ తన పాత సున్నాకు మార్చాడు. కోటు అతని ఒంటికి బిగుతు. కొక్కేలు పట్టకపోతే పక్క తాళ్ళు సడలించి జరీనా తొడిగింది. పట్టీలు సంపూర్ణ కట్టుకుంది.

అతని భుజాలు లేచాయి. అంతమందికీ లేచినట్టే ఇతనికీ లేస్తాయని అందరికీ తెలుసు, అయినా అందరూ కుర్చీల్లో ముందుకు వంగారు. పాణి ఛాతీ పట్టుకుని చూసుకున్నాడు. లోపల వెతుక్కున్నాడు. పోయిన వస్తువు కోసం జేబులు తడుముకునే మనిషిలా తడుముకున్నాడు.

"గిదేంది?"

"ఇది నేను. చాయ్ తాగిన. మండలోళ్ళు వస్తున్నరని కొంచెం భయమున్నది. నీ గురించి దుఃఖం ఉన్నది. గంతే."

"భయమున్నా, దుఃఖమున్నా గిట్లనే ఉంటదా?"

"గిట్లనే ఉంటది."

అతను చుట్టూ చూశాడు. సుదర్శన్‌ను, జరీనాను, చాయ్ గ్లాసులు పట్టుకుని కూర్చున్న వాళ్ళందరినీ ఒక్కొక్కరిగా చూశాడు. చూసే కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా రూలు పాటించారు. ఎవరూ నోరు మెదపలేదు.

"మీరందరు గిట్లనే ఉంటరా రోజు?" అన్నాడు. అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు. "చిన్నప్పటి సంది నేను... అది అందరికి ఉంటదనుకున్న సంపూర్ణా. అందరు మోస్తున్నరు, నేను కూడ మొయ్యాలె గద అనుకున్న!"

అంతలో వాకిట్లో కారు ఆగింది. మండలి అధ్యక్షురాలు, వెనక ఇద్దరు సభ్యులు లోపలికి వచ్చి, కోటు వేసుకుని ఏడుస్తూ నవ్వుతున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగారు.

"మేం ముందు వచ్చినమా?" అంది అధ్యక్షురాలు.

"సరిగ్గనే వచ్చిండ్రు మేడం," అన్నాడు పాణి, కళ్ళు తుడుచుకోకుండానే. "ఈ కోటుల సున్నా తప్పు పెట్టిన. నిన్నటిదాక అది నా సున్నా. ఒకావిడకు నష్టం కూడ జరిగింది. అన్నీ చెప్త, దాచను. ఒక్క నిమిషం ఆగుండ్రి. ఇది నాకు కొత్త."

ఆవిడ సంపూర్ణ వంక చూసింది. సంపూర్ణ తలూపింది. మండలి ముగ్గురూ చప్పుడు చేయకుండా చూసే కుర్చీల్లో కూర్చున్నారు.

పాణి కళ్ళు మూసుకున్నాడు. ఆ తేలికలో కాసేపు కదలకుండా నిలబడ్డాడు, చలికాలం పొద్దున ఎండకు నిలబడ్డట్టు. తర్వాత తనే తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు. చివరి ముడి దగ్గర చెయ్యి ఆగింది. విప్పితే మళ్ళీ ఏమొస్తుందో ఇప్పుడు అతనికి తెలుసు. నిన్నటిదాకా తెలియకుండా మోసిన బరువును ఇక తెలిసి మోయాలి. విప్పాడు. భుజాలు దిగాయి. కోటును మడత పెట్టి భార్య చేతిలో పెట్టాడు.

"నాకు ఒక మంచి కౌన్సెలర్‌ను చూడు సంపూర్ణా."

"చూస్త. ఇయ్యాలనే చూస్త."

"నువ్వు మాత్రం వద్దు."

"నేను చెయ్యొద్దు. ఇంటోళ్ళకు చెయ్యొద్దని మాకు రూలే ఉన్నది."

"రూలు కాదు," అన్నాడు పాణి. "నువ్వడిగితే మంచిగనే ఉన్న అని చెప్త."